పరుల తప్పున కలిగిన నష్టము: రైతు దానిని రాబట్టుకొను విధము

వ్యవసాయమున కలుగు నష్టములు రెండు విధములు. వానలు వెనుకంజ వేయుట, గాలివాన వచ్చుట, చీడ సోకుట మొదలగునవి దైవికములు. వీనికి ఒకరిని బాధ్యులను చేయుటకు వీలులేదు. రెండవ తరగతి నష్టములు మనుష్యుల చేతలవలన గాని, చేయవలసినది చేయకుండుటవలన గాని కలుగునవి. ఎగువరైతు కాలువకు అడ్డుకట్ట వేసెను. దిగువరైతు పైరు ఎండెను. పొరుగువాని పశువులు రాత్రివేళ చేనిలో పడెను. విద్యుత్తు తీగె తెగి కాడియెద్దు మరణించెను. అంగడిలో కొన్న విత్తనము మొలకెత్తలేదు. ఇట్టి సంగతులు వినరాని గ్రామము లేదు.

ఇట్టి నష్టము కలిగినప్పుడు మన రైతులు సామాన్యముగా మూడు మార్గములలో ఒకదానిని త్రొక్కుదురు. కొందరు కఱ్ఱ చేతబట్టుదురు. అంతటితో నష్టపడినవాడే ముద్దాయి యగును. కొందరు పోలీసు ఠాణాకు పోవుదురు. అచ్చట "ఇది సివిలు వ్యవహారము" అని చెప్పి పంపివేయుదురు. తక్కినవారు "మన ప్రాప్తమింతే" యని ఊరకుందురు. నాలుగవ మార్గమొకటి కలదు. నష్టము కలిగించినవానివలన ఆ నష్టమును సొమ్ము రూపమున రాబట్టుకొనుటకు న్యాయస్థానమున దావా వేయుటయే ఆ మార్గము. దీనిని గూర్చి సంఘ సభ్యులు తెలిసికొనదగిన విషయములను ఈ వ్యాసమున వివరింపదలచినాము.

నేరము వేరు, అపకృత్యము వేరు

చట్టము తప్పులను రెండు విధములుగా చూచును. సంఘమునకంతటికిని కీడు అని తలపబడునది నేరము. దొంగతనము, కొట్లాట, బుద్ధిపూర్వకముగా పైరు తగులబెట్టుట ఇట్టివి. వీనియందు ఫర్యాదు మనదైనను నేరస్థునిపై వ్యవహారము నడపునది ప్రభుత్వము, ఫలితము శిక్ష. ఒక మనుష్యుని హక్కునకు మాత్రము భంగము కలిగించు తప్పును అపకృత్యమందురు. ఇందు వ్యవహారము నడపవలసినవాడు నష్టపడినవాడే; ఫలితము నష్టపరిహారము. ఒకే పని రెండును కావచ్చును. పగబట్టి గడ్డివామికి నిప్పుపెట్టినవానిని నేరవిచారణ చేయు కోర్టు శిక్షింపవచ్చును. వామి వెలను రాబట్టుకొనుటకు సివిలు కోర్టులో దావాయు వేయవచ్చును. ఒకటి చేసినందున రెండవది పోదు.

ఇంకొక భేదము కూడ గమనింపదగినది. నేరవిచారణలో సందేహమునకు తావులేకుండ రుజువు కావలెను. సివిలు దావాలో ఇరుపక్షముల సాక్ష్యమును తూచి, ఏ పక్షమున సంభావ్యత హెచ్చుగా నున్నదో ఆ పక్షమున తీర్పు చెప్పుదురు. కాబట్టి నేరము రుజువు కాలేదని ముద్దాయిని విడిచిపెట్టినంత మాత్రమున నష్టపరిహారపు దావా తప్పక ఓడిపోవునని తలపరాదు.

నష్టము కలిగిన చోటనెల్ల హక్కు కలదా?

లేదు. ఈ సంగతి ముందుగా తెలిసికొననివారు పెక్కుమంది వృథాగా ధనము పోగొట్టుకొనుచున్నారు. దావా నిలుచుటకు మన చట్టసమ్మతమైన హక్కు ఒకటి భంగపడవలెను. ఎదుటివాని చేతవలన మనకు నష్టము కలిగినను హక్కు భంగపడనిచో దావా నిలువదు.

ఉదాహరణమునకు: ఒకడు తన భూమిలో బావి త్రవ్వెను. భూగర్భమున ఊటగా వ్యాపించియున్న నీరు ఆ బావిలోనికి దిగుటచేత పొరుగువాని బావి ఎండెను. నిర్ణీతమైన కాలువగా పారక భూమిలో ఊరు నీటిని ఎవరి హద్దులలో వారు సంగ్రహించుకొనవచ్చునని 1882 నాటి అనుభోగ హక్కుల చట్టము చెప్పుచున్నది. కావున ఇచ్చట నష్టమున్నను అపకృత్యము లేదు. అయితే మన ప్రాంతమున 2002 సంవత్సరపు జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము క్రొత్త బోరుబావులకు నిబంధనలు ఏర్పరచినది. ఆ నిబంధనలు మీరి బోరు వేసినప్పుడు అధికారులకు మొరపెట్టుకొనుట వేరు సంగతి.

దీనికి విపర్యయము కూడ కలదు. హక్కు భంగపడినచో నష్టము స్వల్పమైనను, అసలే లేకున్నను దావా నిలుచును. పొరుగువాడు మన గట్టును జానెడు లోపలికి దున్నెను. ఆ జానెడులో పండునది గిద్దెడు గింజలే కావచ్చును. ఐనను పరుని భూమిలో అనుమతి లేక ప్రవేశించుటయే అపకృత్యము. సొమ్ము కొంచెమే వచ్చినను హద్దు నిర్ణయమగును. మరల ప్రవేశింపకుండ నిషేధపుటుత్తరువును పొందవచ్చును.

అజాగ్రత్త యనగా నేమి?

పల్లెలలో కలుగు నష్టములలో పెక్కు పగవలన గాక అజాగ్రత్తవలన కలుగుచున్నవి. అజాగ్రత్త దావాలో వాది మూడు సంగతులు చూపవలెను. ఎదుటివానికి మనయెడ జాగ్రత్త వహింపవలసిన విధి కలదనుట. ఆ విధిని అతడు తప్పెననుట. ఆ తప్పువలననే మనకు నష్టము కలిగెననుట. ఈ మూటిలో ఏది లోపించినను దావా పోవును.

ఒక ఊహాచిత్రము చూడుడు. ఒక రైతు మొక్కజొన్న చేనిలో కలుపు చంపుటకై 2,4-డి యను మందును పిచికారి చేయించెను. ప్రక్కనే మరియొకరి పత్తిచేను కలదు. గాలి పత్తిచేనివైపు వీచుచుండెను. ఈ మందు సోకిన పత్తికి ఆకులు సన్నబడి వికారముగా మారును, పూత కాత తగ్గును. మందు చల్లువాడు గాలివాటమును చూచుకొనవలెనను విధి కలదు. గాలి ఉద్ధృతముగా ఉన్నదని ఎరిగియు చల్లించినచో విధి తప్పినట్లే. మూడవ సంగతియే కష్టమైనది. పత్తి దెబ్బతినుట ఆ మందువలననే గాని తెగులువలనను, నీటి ఎద్దడివలనను కాదని చూపవలెను. దీనికి వ్యవసాయాధికారి చేని కడకు వచ్చి పరీక్షించి వ్రాసిన నివేదిక ప్రాణాధారము. గట్టు ప్రక్క సాళ్లలో నష్టము హెచ్చుగాను, దూరపు సాళ్లలో తక్కువగాను ఉన్నదని అందు వ్రాసియున్నచో అది మంచి సాక్ష్యము.

మందు చల్లినవాడు కూలివాడే కదా యని యజమాని తప్పించుకొనజాలడు. సేవకుడు యజమాని పనిలో నుండి చేసిన అజాగ్రత్తకు యజమానియు బాధ్యుడే. ట్రాక్టరు తోలువానికిని దాని యజమానికిని ఇదే న్యాయము.

కొన్నియెడల సంగతి తనంతతానే అజాగ్రత్తను చాటును. కర్ణాటక రాష్ట్రమున ఒక చక్కెర కర్మాగారమువారు మొలాసిస్ అను మడ్డిపాకమును మట్టికట్టల తొట్టిలో నిలువయుంచిరి. ఎలుకలు కట్టను తొలిచెను. కట్ట తెగి మడ్డి అంతయు కాలువలో పడి ప్రక్కనున్న వరి, చెరకు పొలములను ముంచెను. ఇట్టి కట్ట తెగుట జాగ్రత్తగా చూచుకొను చోట జరుగు పని కాదనియు, కావున కర్మాగారమువారే సమాధానము చెప్పుకొనవలెననియు ఆ రాష్ట్రపు హైకోర్టు నిర్ణయించినది. ఆ తీర్పు 1987 సంపుటమున ప్రకటింపబడినది.

కార్వేటినగరము చెరువులు

నీటి విషయమున మన ప్రాంతపు వ్యాజ్యమొకటి లోకప్రసిద్ధమైనది. దానికి ముందు ఇంగ్లండు దేశపు సంగతి యొకటి చెప్పవలెను. అచ్చట ఒక మిల్లు యజమాని జలాశయమును కట్టించెను. ఆ నీరు పాతగనుల దారిన పోయి పొరుగువాని బొగ్గుగనిని ముంచెను. తప్పించుకొనిపోయినచో కీడు చేయగల వస్తువును తన లాభముకొరకు తన భూమిలో చేర్చినవాడు, అజాగ్రత్త లేకున్నను, దానివలన కలుగు నష్టమునకు బాధ్యుడగునని 1868లో అచ్చటి ప్రభువుల సభ తీర్పు చెప్పెను.

తరువాత కార్వేటినగరము జమీందారీలోని చెరువులు పెద్దవానలకు తెగి, ఆ నీరు మద్రాసు రైల్వే కంపెనీవారి కట్టడములను పాడుచేసెను. నేడు ఆ ఊరు చిత్తూరు జిల్లాలో నున్నది. కంపెనీవారు పై తీర్పును ఆధారము చేసికొని జమీందారుపై దావా వేసిరి. వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. 1874లో ఆ కౌన్సిలు కంపెనీవారి వాదమును త్రోసివేసెను. ఈ దేశమున చెరువులు అనాదిగా సేద్యమునకు ఆధారములు. వానిని పూడ్చివేయుటకు జమీందారునకు అధికారము లేదు, పోషించుట ఆయన విధి. ఆ విధిని జాగ్రత్తగా నిర్వర్తించినవాడు, అజాగ్రత్త రుజువు కానిదే, నష్టమునకు బాధ్యుడు కాడని నిర్ణయించెను.

దీనినిబట్టి రైతులు గ్రహింపవలసినది స్పష్టము. చెరువు తెగినదని మాత్రము చెప్పి నష్టము అడుగుట చాలదు. తూము మరమ్మతు చేయలేదనియు, కలుజు పూడిపోయినదనియు, గండి పడునని ముందుగా తెలియజేసినను పట్టించుకొనలేదనియు చూపవలెను. కాబట్టి కట్ట బలహీనముగా నున్నప్పుడే గ్రామస్థులందరు వ్రాతమూలకముగా అధికారులకు తెలియజేసి, ఆ కాగితమునకు రసీదు పుచ్చుకొనవలెను. ఆపద వచ్చిన తరువాత ఆ రసీదే మాటలాడును.

మిక్కిలి ప్రమాదకరమైన వస్తువుల విషయమున మాత్రము న్యాయము కఠినమైనది. 2002లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ విద్యుత్తు బోర్డు వ్యవహారమున తీర్పు చెప్పుచు, తెగిపడిన తీగెవలన సైకిలుపై పోవుచున్న మనుష్యుడు మరణించినప్పుడు, ఎవరో దొంగతనముగా తీగె తగిలించుకొన్నందున అట్లయ్యెనను సమాధానము చెల్లదనియు, విద్యుత్తును సరఫరా చేయువారే బాధ్యులనియు నిర్ణయించెను. కావున తీగె తెగి ప్రాణహాని కలిగినప్పుడు "మా తప్పు లేదు" అను ఒక్క మాటకు నిరాశపడి రైతు వెనుదిరుగ నక్కరలేదు.

ప్రభుత్వముపై దావా

సర్కారుపై దావా వేయరాదని పలువురు అనుకొందురు. ఇది సరికాదు. మన రాష్ట్రముననే ఒక ఎరువుల, ధాన్యముల వర్తకుని సరకును నిత్యావసర వస్తువుల చట్టము క్రింద అధికారులు పట్టుకొనిరి. పిమ్మట సరకులో కొంతభాగము తిరిగి ఈయవలసినదని ఉత్తరువైనది. అంతలో సరకు చెడిపోయెను. వర్తకుడు వెలకై దావా వేయగా హైకోర్టు త్రోసివేసెను. 1994లో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చి, ఉద్యోగుల అజాగ్రత్తకు ప్రభుత్వము పరిహార మీయవలసినదని చెప్పెను.

అయితే ప్రభుత్వముపైనను, ఉద్యోగి తన ఉద్యోగధర్మమున చేసిన పనిని గూర్చి అతనిపైనను దావా వేయుటకు ముందు, సివిలు ప్రొసీజరు కోడు 80వ సెక్షను ప్రకారము రెండు నెలల నోటీసు ఈయవలెను. మిక్కిలి తొందర పరిహారము కావలసినచో కోర్టు అనుమతితో నోటీసు లేకయే దావా వేయవచ్చును. నోటీసు గడువు దావా గడువులో లెక్కకు రాదు.

విత్తనములు, పశువులు, వాహనములు

విత్తనము, ఎరువు, పురుగుమందు కొని మోసపోయిన రైతునకు సివిలు కోర్టు ఒక్కటే దిక్కు కాదు. జిల్లా వినియోగదారుల కమీషను కలదు. జాతీయ విత్తన సంస్థ వ్యవహారమున 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆంధ్రదేశపు రైతుల ఫర్యాదులనుండి పుట్టినదే. విత్తనము కొన్న రైతు వినియోగదారుడేయనియు, విత్తనముల చట్టము ఉన్నంత మాత్రమున కమీషను తలుపు మూతపడదనియు ఆ తీర్పు సారము. పరీక్షకు విత్తనపు నమూనా తేలేదను ఆక్షేపణను కూడ కోర్టు ఒప్పుకొనలేదు. కొన్న విత్తనమంతయు భూమిలో చల్లిన రైతు నమూనా ఎక్కడనుండి తెచ్చును? అయినను సంచిని, దానిపైని చీటీని, బిల్లును దాచుకొనుట ఎప్పటికిని మేలు. 2019 సంవత్సరపు చట్టము ప్రకారము రైతు తాను నివసించు జిల్లాలోనే ఫర్యాదు చేయవచ్చును. గడువు రెండు సంవత్సరములు.

పశువులు చేనిలో పడినప్పుడు 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టము ప్రకారము వానిని పట్టి 24 గంటలలోపల బందెలదొడ్డికి తోలవలెను. ఇంటివద్ద కట్టివేసికొని సొమ్ము అడుగుట, కొట్టుట తగదు. అట్లు చేసినచో తప్పు మనమీదికి వచ్చును. బందెలదొడ్డికి తోలినందున పైరు నష్టమునకు దావా వేయు హక్కు పోదని ఆ చట్టమే చెప్పుచున్నది.

మోటారు వాహనముల ప్రమాదములకు ప్రత్యేకమైన ట్రిబ్యునలు కలదు. ప్రమాదము జరిగిన చోటనే గాక హక్కుదారుడు నివసించు చోటను అర్జీ పెట్టుకొనవచ్చును. 1988 నాటి చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము అర్జీని ఆరు నెలలలోపల పెట్టవలెను. కావున ఆసుపత్రినుండి వచ్చిన పిదప చూతమని కాలయాపన చేయరాదు.

గడువులు

మంచి దావాలు పెక్కు గడువు దాటుటచేతనే చెడుచున్నవి. 1963 నాటి కాలపరిమితి చట్టమునుండి రైతులకు ముఖ్యమైన గడువులను క్రింద చూపుచున్నాము.

దారికి గాని నీటికాలువకు గాని అడ్డు పెట్టినందుకు: 3 సంవత్సరములు.
కాలువను మళ్లించినందుకు: 3 సంవత్సరములు.
పరుని భూమిలో అక్రమముగా ప్రవేశించినందుకు: 3 సంవత్సరములు.
చరాస్తిని అక్రమముగా తీసికొన్నందుకు, పాడుచేసినందుకు: 3 సంవత్సరములు.
ప్రమాదమున మరణించినవాని కుటుంబమువారు 1855 నాటి చట్టము క్రింద వేయు దావాకు: మరణదినము మొదలు 2 సంవత్సరములు.
దురుద్దేశముతో తప్పుడు కేసు నడిపినందుకు, పరువునష్టమునకు: 1 సంవత్సరము.
వేరుగా చెప్పబడని దావాలకు: 3 సంవత్సరములు.

అడ్డుకట్ట నేటికిని తొలగక నిలిచియున్నచో తప్పు దినదినము జరుగుచున్నట్లే. గడువు కూడ క్రొత్తగా నడచుచుండును. మరియొక ముఖ్యవిషయము: బలవంతముగా మనలను భూమినుండి వెళ్లగొట్టినప్పుడు, హక్కు సంగతి విచారింపకయే స్వాధీనమును తిరిగి ఇప్పించు దావా యొకటి కలదు. దానికి గడువు ఆరు నెలలు మాత్రమే. ఇది ప్రభుత్వముపై చెల్లదు. ఆరు నెలలు దాటినచో హక్కు పత్రములతో సుదీర్ఘమైన వ్యాజ్యము నడపవలసివచ్చును.

మొదటి దినమున చేయవలసినవి

సాక్ష్యము పైరువంటిది, అదనున సేకరింపవలెను. నీరు తీసిపోయిన తరువాత ముంపును ఎవరు చూపగలరు? కావున నష్టము కలిగిన దినముననే ఈ పనులు చేయవలెను. సెల్ ఫోనుతో చేని నాలుగువైపుల ఫోటోలు తీయించి, తేది చెడకుండ అసలును భద్రపరుపవలెను. ఇరుగుపొరుగు రైతులిద్దరిని పిలిచి చూపవలెను. పక్షపాతము లేనివారైనచో మరింత మంచిది. వ్యవసాయాధికారికి, తహసీలుదారునకు అర్జీలిచ్చి రసీదులు తీసికొనవలెను. ఆ సంవత్సరము సాగును చూపు అడంగలు, పహాణీ నకళ్లు తెచ్చుకొనవలెను. నష్టము కలిగించినవానికి సంగతి తెలుపుచు రిజిస్టరు తపాలాలో మర్యాదయైన ఉత్తరము వ్రాయవలెను. అందు తిట్లుగాని బెదిరింపుగాని ఉండరాదు. ఆ ఉత్తరము రేపు న్యాయాధిపతి చేతికి పోవును. దావా వేసిన పిదప స్థలపరీక్షకై కమీషనరును పంపుమని కోర్టును వేడుకొనవచ్చును. ఆయన గీసిన పటము, వ్రాసిన నివేదిక సాక్ష్యమగును.

నష్టమును లెక్కకట్టు విధము

నష్టపరిహారపు ఉద్దేశము తప్పు జరగకున్నచో మన మెట్లుందుమో, సొమ్ముతో సాధ్యమైనంతవరకు, ఆ స్థితికి చేర్చుట. ధనవంతునిగా చేయుట కాదు. పైన చెప్పిన పత్తిచేనినే తీసికొని, లెక్క తెలియుటకై అంకెలు ఊహించి చూపుచున్నాము.

చేను మూడెకరములు. ఆ యేడు చుట్టుప్రక్కల చేలలో ఎకరమునకు 10 క్వింటాళ్లు పండినవి. ఈ చేనిలో 4 మాత్రమే పండినవి. ఎకరమునకు 6 చొప్పున తరుగు 18 క్వింటాళ్లు. క్వింటాలు ధర 7,000 రూపాయలైనచో 1,26,000 రూపాయలు. అయితే ఆ 18 క్వింటాళ్లకు తీత కూలి ఖర్చు కాలేదు. క్వింటాలునకు 1,000 చొప్పున 18,000 తీసివేయగా 1,08,000 నిలుచును. పైరును కోలుకొనజేయుటకై చేసిన అదనపు ఖర్చు 4,000 కలుపగా మొత్తము 1,12,000 రూపాయలు.

ఇచ్చట రైతులు చేయు పొరపాటు ఒకటి కలదు. విత్తనమునకు, దుక్కికి, ఎరువునకు పెట్టిన పెట్టుబడిని కూడ పంట వెలకు చేర్చి అడుగుదురు. ఇది ఒకే నష్టమును రెండుమార్లు అడుగుట. పంట చక్కగా వచ్చినను ఆ పెట్టుబడి పెట్టవలసినదే కదా. పంట వెలలోనే అది ఇమిడియున్నది.

నష్టమును తగ్గించుకొను ప్రయత్నము చేయుటయు నష్టపడినవాని ధర్మమే. పైరు కోలుకొనునని అధికారి చెప్పినను ఎరువు వేయక వదలివేసినచో, ఆ మేరకు పరిహారము తగ్గును. మన అజాగ్రత్త కూడ కొంత కలిసియున్నచో దాని పాలు తీసివేయుదురు. దావా మొత్తమునుబట్టి కోర్టు రుసుము చెల్లించవలెను గనుక, అడిగినది పెంచినకొలది ఖర్చు పెరుగును. రుజువు కాని మొత్తమునకు కట్టిన రుసుము నీటిపాలు.

ఏ కోర్టు, ఎంత ఖర్చు?

భూమికి సంబంధించిన దావాను భూమి ఉన్న చోటి కోర్టులోను, మనుష్యునికి గాని చరాస్తికి గాని కలిగిన నష్టపు దావాను తప్పు జరిగిన చోటగాని ప్రతివాది నివసించు చోటగాని వేయవలెను. విచారణాధికారము గల కోర్టులలో క్రిందితరగతి కోర్టుననే దావా మొదలిడవలెను. పూర్వము మునసబు కోర్టని పిలిచినదానిని నేడు జూనియరు సివిలు జడ్జి కోర్టందురు. రుసుము కట్టజాలని పేదవాడు ఆ సంగతి రుజువు చేసి, రుసుము లేకయే దావా వేయుటకు అనుమతి పొందవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ప్రకారము షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. తక్కినవారిలో పలువురికి ఆదాయపు పరిమితి కలదు.

సహకారసంఘముతో సభ్యునికి సంఘ వ్యవహారములలో వచ్చు తగవులు సివిలు కోర్టునకు పోవు. 1964 నాటి సహకారసంఘముల చట్టము ప్రకారము అవి రిజిస్ట్రారు ఎదుటికి పోవలెను.

డిక్రీ వచ్చిన తరువాత

వ్యాజ్యమున ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనని మనవారి సామెత. ఇందు సత్యము లేకపోలేదు. డిక్రీ యనగా సొమ్ము కాదు. సొమ్ము రాబట్టుకొను అధికారము. దానిని అమలు జరిపించుకొనుటకు పండ్రెండు సంవత్సరముల గడువున్నది. కాని ప్రతివాది సేద్యగాడైనచో అతని దున్ను పనిముట్లు, జీవనమునకు కావలసిన పశువులు, విత్తనపు గింజలు జప్తు చేయుటకు వీలులేదు. న్యాయమే, ఆ రక్షణ రేపు మనకును కావలసివచ్చును. కావున దావాకు ముందే మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నష్టము ఎంత? రుజువు ఎంత? ఎదుటివాడు చెల్లింపగలడా? పేద పొరుగువానిపై రెండువేల రూపాయలకై ఐదేండ్లు తిరుగుట వివేకము కాదు. విత్తన కంపెనీపైనో, విద్యుత్తు సంస్థపైనో, కర్మాగారముపైనో లక్ష రూపాయల నష్టమును అడుగుటకు జంకుటయు వివేకము కాదు.

పొరుగువారి తగవులకు లోక్ అదాలతు తగిన వేదిక. ఉభయులు ఒప్పుకొన్న రాజీని అచ్చట అవార్డుగా వ్రాయుదురు. అది సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కోర్టులో నడచుచున్న వ్యవహారము రాజీపడినచో కట్టిన రుసుము తిరిగి వచ్చును. రాజీయందు ఒక లాభము కూడ కలదు. గట్టు ప్రక్క గట్టున బ్రతుకవలసినవారు తీర్పు వచ్చిన మరునాడును ఒకే కాలువ నీరు పంచుకొనవలెను. తీర్పు సొమ్మునిచ్చును, వంతులవారీగా నీరు పంచుకొను మంచిమాటను ఈయజాలదు.

ఈ వ్యాసము న్యాయవాది సలహాకు బదులు కాదు. ఒక్కొక్క వ్యవహారమునకు దాని దాని వివరములు ఉండును. అయినను రసీదు లేని అర్జీ, తేదీ లేని ఫోటో, గడువు దాటిన దావా, రెండుమార్లు లెక్కించిన నష్టము: ఈ నాలుగింటిని మన సభ్యులు మానుకొన్నచో ఏ న్యాయవాది వద్దకు పోయినను సగము పని పూర్తియైనట్లే. చదువనేర్చినవారు ఈ పత్రికను సంఘ కార్యాలయమున చదువనేరనివారికి వినిపింపవలెనని కోరుచున్నాము. నష్టపడిన రైతు కఱ్ఱ పట్టకుండ, కర్మమని కూర్చుండకుండ, కాగితము పట్టి తన హక్కును తాను నిలుపుకొనుటయే మేము కోరునది.